ఐపీఎస్ ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

ఐపీఎస్ (ఇంట్రూజన్ ప్రివెన్షన్ సిస్టమ్) అంటే నెట్‌వర్క్‌పై దాడులను పట్టి ఆపే వ్యవస్థ. గుంటూరు మిర్చి యార్డు దగ్గర చిన్న కమీషన్ ఆఫీసైనా సరే, ఇవి చూసుకోండి.

• ఐడీఎస్ (దాడులను గుర్తించే వ్యవస్థ) గమనించి హెచ్చరిస్తుంది, అంతే. ఐపీఎస్ దారిలోనే కూర్చుని ప్యాకెట్లను, అంటే నెట్‌లో వెళ్లే డేటా ముక్కలను, ఆపేస్తుంది. అందుకే మొదటి రెండు వారాలు హెచ్చరిక మోడ్‌లోనే ఉంచండి. తొందరపడి బ్లాకింగ్ పెడితే రైతుకు వెళ్లాల్సిన పేమెంటే ఆగిపోవచ్చు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

• మీ ఐపీఎస్ తేడా ప్రవర్తనను పట్టే రకమైతే, మామూలు ట్రాఫిక్ ఎలా ఉంటుందో ముందు దానికి నేర్పాలి. యార్డు వేసవి సెలవుల్లో నేర్పితే సీజన్ రద్దీని దాడి అనుకుంటుంది. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

• స్నార్ట్, సురికాటా అనే ఐపీఎస్ సాఫ్ట్‌వేర్లు ప్రధానంగా సిగ్నేచర్లతో, అంటే తెలిసిన దాడుల గుర్తులతో, పనిచేస్తాయి. రూల్స్ అప్‌డేట్ చేశారా?

• ఎన్‌క్రిప్ట్ అయిన (రహస్య కోడ్‌లోకి మార్చిన) ట్రాఫిక్‌ను విప్పకుండా నెట్‌వర్క్ ఐపీఎస్ లోపలికి చూడలేదు. బిల్లింగ్ సర్వర్‌లో హోస్ట్ రకం (ఆ కంప్యూటర్‌లోనే నడిచే ఐపీఎస్) కూడా పెట్టండి.

• ఐపీఎస్ చెడిపోతే నెట్ ఆగాలా, సాగాలా? ముందే తేల్చుకోండి.

• పాత సెట్టింగుల బ్యాకప్.