వెనీర్ అతికించే ముందు లోపలి వైపు ఏం చెయ్యాలి

వెనీర్, అంటే పంటి ముందు వైపు అతికించే పల్చటి సెరామిక్ పొర, ఊడొచ్చిందంటే చాలామంది ముందు సిమెంట్‌నే తిడతారు, కంపెనీ మార్చేస్తారు. ఊడిన ముక్కని లైట్ కింద పెట్టి చూడండి, సిమెంట్ అంతా పంటి మీదే ఉండిపోయి వెనీర్ లోపలి వైపు నున్నగా మెరుస్తుంటే గొడవ సిమెంట్‌ది కాదు, ఆ సర్ఫేస్‌ది.

ల్యాబ్ నుంచి డబ్బా వచ్చినప్పుడు స్లిప్ మీద ఉత్త సెరామిక్ అని రాసుంటే ఫోన్ చేసి ఏ మెటీరియలో అడగండి, అక్కడే ఎచింగ్ (యాసిడ్‌తో లోపలి వైపు గరుకు చెయ్యడం) చేసి పంపారా లేదా అది కూడా. ఎందుకంటే ఫెల్డ్‌స్పాతిక్ పోర్సిలిన్‌కి 9.5 శాతం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 60 నుంచి 90 సెకన్లు పెడతాం, ఈమ్యాక్స్ లాంటి లిథియం డైసిలికేట్‌కి 5 శాతంది 20 సెకన్లు చాలు. యాసిడ్ సెరామిక్‌లోని గ్లాస్ భాగాన్ని తినేసి సన్న గుంతలు చేస్తుంది, సిమెంట్ వాటిలోకి దిగి పట్టుకుంటుంది. ఎక్కువసేపు ఉంచితే పట్టు పెరగదు, పల్చటి వెనీర్ ఇంకా బలహీనపడుతుంది. ఈ పని నోట్లో కాదు, బయటే, గ్లవ్స్ కళ్ళద్దాలు పెట్టుకుని, యాసిడ్ చర్మానికి తగిలితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉంచుకుని చెయ్యండి, ఎందుకంటే ఈ యాసిడ్ కాలితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు.

చాలామంది వదిలేసేది దీని తర్వాతి స్టెప్. కడిగి ఆరబెట్టాక అంతా ఒకే రకంగా మసకగా ఉంటే ఓకే, అక్కడక్కడా సున్నం మరకల్లా తెల్లగా ఉంటే అవి యాసిడ్ రియాక్షన్‌లో మిగిలిన లవణాలు, వాటి మీద ఏం పూసినా పైపైనే. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ వేసి మైక్రోబ్రష్‌తో ఒక నిమిషం మెల్లగా రుద్ది, కడిగి, అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసి అందులో కొన్ని నిమిషాలు వెయ్యండి. బోరు నీళ్ళు మాత్రం వద్దు, మన సిటీలో బోరు నీళ్ళు ఎలా ఉంటాయో మీ గీజర్‌ని అడగండి.

ఆ తర్వాత సైలేన్ (సెరామిక్‌నీ సిమెంట్‌నీ కలిపి పట్టి ఉంచే ద్రవం), పల్చగా ఒక్క కోటు, ఒక నిమిషం ఆగి గాలితో ఆరబెట్టాలి, వేడి గాలైతే ఇంకా మంచిది. సింగిల్ బాటిల్ సైలేన్ నీళ్ళలా క్లియర్‌గా ఉండాలి, పాలల్లే మసకబారితే పారేయండి. మే నెలలో ఏసీ ఆపేసిన క్లినిక్‌లో రాత్రంతా టేబుల్ మీద వదిలేయకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వాడే ముందు కాసేపు బయటుంచాలి. ల్యాబ్‌లో ఎచ్ చేసొచ్చిన వెనీర్‌ని నోట్లో పెట్టి ట్రై చేస్తే ఉమ్మి అంటుకుంటుంది, అప్పుడు కూడా ఫాస్ఫారిక్‌తో శుభ్రం చేసి సైలేన్ పుయ్యాలి.

జిర్కోనియా అనే ఇంకో రకం గట్టి సెరామిక్ కథ వేరు. అందులో గ్లాస్ లేదు కాబట్టి పైన చెప్పిన ఎచింగ్ దండగ. 50 మైక్రాన్ల అల్యూమినాతో 1 నుంచి 2 బార్ ప్రెషర్‌లో సాండ్‌బ్లాస్ట్ చేసి (ఆ పొడిని గాలితో చిమ్మి గరుకు చేసి), ఎండీపీ అనే, జిర్కోనియాని పట్టుకునే ఫాస్ఫేట్ రసాయనం ఉన్న ప్రైమర్ పుయ్యాలి. ఉమ్మి తగిలితే ఫాస్ఫారిక్ యాసిడ్‌తో క్లీన్ చెయ్యొద్దు, ఎండీపీ పట్టుకోవాల్సిన చోటుని ఆ ఫాస్ఫేట్ ముందే ఆక్రమిస్తుంది. జిర్కోనియా కోసమే వచ్చే క్లీనర్ వాడండి, లేదంటే మళ్ళీ సాండ్‌బ్లాస్ట్. ఈ సాండ్‌బ్లాస్టింగ్‌ని ఈమ్యాక్స్ వెనీర్ మీద మాత్రం ప్రయోగించకండి, అంచులు లేచిపోతాయి.

పంటి వైపు ఎనామెల్‌కి మామూలు ఫాస్ఫారిక్ 30 సెకన్లు, తర్వాత బాండింగ్. యాసిడ్, బాండింగ్ అంటకుండా పక్క పళ్ళకి టెఫ్లాన్ టేప్ చుట్టండి, ప్లంబర్లు వాడే ఆ తెల్ల టేపే, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది.