గ్రీకు వీరగాథలో రాజకీయాన్ని చదవడం ఎలా

గ్రీకు వీరుడి కథ చేతికి రాగానే, అతడు నిజంగా బతికాడా లేదా అని ఆరా తీయడం చాలామందికి అలవాటు. ఆ కథ వెనుక ఉన్న రాజకీయం తెలియాలంటే ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఏ నగరం, ఏ కాలంలో, ఏ అవసరం కొద్దీ ఆ వీరుణ్ణి తనవాడిగా చెప్పుకుందో వెతకాలి. ఏథెన్స్ వారి పురాణ రాజు థీసియస్ దగ్గర మొదలుపెట్టడం మేలు.

కథలో పాలనకు సంబంధించిన ముక్కను ముందుగా విడదీసి రాసుకోండి. ఎద్దు తల, మనిషి దేహం ఉన్న మినోటార్‌ను థీసియస్ చంపడం అందరికీ తెలిసినదే. కానీ ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికా ప్రాంతపు ఊళ్లన్నిటినీ కలిపి ఒకే రాజ్యంగా చేసినవాడు థీసియస్ అని గ్రీకు చరిత్రకారుడు థ్యూసిడిడిస్ రాయడమే కాక, ఆ కలయిక గుర్తుగా తన కాలంలోనూ ప్రజాధనంతో పండుగ జరుగుతోందని చెప్పాడు.

తర్వాత థీసియస్‌వని చెప్పిన అస్థికల జాడ పట్టుకోండి. క్రీ.పూ. 475 ప్రాంతంలో కైమన్ అనే ఏథెన్స్ సేనాని స్కైరోస్ దీవిని జయించాడు. అక్కడ ఒక గద్ద మట్టిదిబ్బను ముక్కుతో పొడుస్తూ గోళ్లతో తవ్వుతుండగా చూసి, ఆ చోట తవ్విస్తే, భారీ దేహమున్న శవపేటిక, పక్కనే కంచు ఈటె, కత్తి దొరికాయని జీవితచరిత్రల రచయిత ప్లూటార్క్ చెబుతాడు. వాటిని ఓడలో తెస్తే, థీసియస్ తానే తిరిగి వచ్చినట్టు జనం ఊరేగింపులతో, బలులతో ఎదుర్కొన్నారట. ప్లూటార్క్ ఇది రాసింది 500 ఏళ్లకు పైగా గడిచాక కనుక, గద్ద సంగతిని పట్టుకుని వేలాడకండి. ఒక దీవి మీద హక్కు, ఒక సేనానికి కీర్తి ఒకే పేటికలో వచ్చాయన్నది గమనించండి. అంతమాత్రాన ఆ జనం భక్తిని బూటకమని కొట్టిపారేస్తే వారికి అన్యాయం చేసినట్టే. స్పార్టా కూడా తెగియా అనే నగరం నుంచి ఒరెస్టిస్ అనే వీరుడి ఎముకలను ఇలాగే తెచ్చుకుందని చరిత్రకారుడు హెరోడోటస్ కథనం.

చివరగా పేర్లు చూడండి. నా దృష్టిలో అసలైన ఆధారం ఇదే. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లీస్థెనీస్ అనే ఏథెన్స్ నాయకుడు పౌరులను పాత నాలుగు తెగలకు బదులు పది తెగలుగా విభజించి, ఒక్కో తెగకు ఒక్కో వీరుడి పేరు పెట్టాడు. వారిలో సలామిస్ దీవి వీరుడు అజాక్స్ పరాయివాడైనా, పొరుగువాడు, మిత్రుడు అన్న కారణంతో అతణ్ణీ చేర్చాడు. తర్వాతి కాలంలో యుద్ధానికి పిలుపు వస్తే, ఏథెన్స్ పౌరుడు నగర కూడలి అయిన అగోరాకు వెళ్లి, తన తెగ వీరుడి విగ్రహం కింద పెట్టిన జాబితాలో తన పేరు వెతుక్కునేవాడు.