చించిల్లా బొచ్చు రంగు మారిందా? ముందు ఊది చూడండి

పెంపుడు చించిల్లా (దక్షిణ అమెరికాకు చెందిన, దట్టమైన మెత్తని బొచ్చున్న ఎలుకజాతి జంతువు) రంగు మారినట్టు అనుమానం రాగానే చాలామంది పాత ఫొటోలు తీసి పోల్చుకుంటారు. బల్బు వెలుతురులో బూడిదరంగు బొచ్చు కూడా గోధుమరంగుగా కనిపిస్తుంది కాబట్టి ఆ పోలికను నేను పెద్దగా నమ్మను. పగటి వెలుతురులో తెల్లని గుడ్డ మీద దాన్ని కూర్చోబెట్టి, పక్క భాగంలో బొచ్చు మీద మెల్లగా ఊదండి. వెంట్రుకలు పువ్వులా విచ్చుకుని చర్మం దాకా ఒక చిన్న గుంట తెరుచుకుంటుంది. స్టాండర్డ్ గ్రే రకంలో ఆ గుంట అంచున మూడు పట్టీలు కనిపిస్తాయి: చర్మం దగ్గర ముదురు నీలిబూడిద, దానిపైన సన్నని తెలుపు, కొసన నలుపు. ఒక్కో కుదురు నుంచి 50కి పైగా వెంట్రుకలు మొలిచే ఈ జంతువులో, పైకి కనిపించే ఛాయ ఆ నల్లని కొసలు ఎంత పొడవుగా, ఎంత దట్టంగా ఉన్నాయన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఆండీస్ పర్వతాల్లోని అడవి చించిల్లాలది ఈ బూడిదరంగే. అమెరికన్ గని ఇంజనీరు మాథియాస్ చాప్‌మన్ 1923లో చిలీ నుంచి 11 జంతువులను కాలిఫోర్నియాకు తీసుకెళ్లారు. నేటి పెంపుడు చించిల్లాల్లో అధికభాగం వాటి సంతతే. మిగిలిన రంగులు ఆ తరువాత పెంపకశాలల్లో పుట్టిన జన్యుమార్పుల ఫలితం. రంగును పోల్చుకోవడానికి వీపు కంటే పొట్ట, కళ్లు ఎక్కువ పనికివస్తాయి. వీపు నల్లగా నిగనిగలాడుతూ పొట్ట తెల్లగా ఉంటే అది బ్లాక్ వెల్వెట్. దాని ముందు పాదాల మీద ఏటవాలు నల్లచారలు కూడా ఉంటాయి. పొట్ట కూడా ముదురుగా ఉంటే ఎబొనీ. బీజ్ రకంలో నల్లటి వర్ణకం గోధుమఛాయకు మారుతుంది, కళ్లు ఎరుపు తిరుగుతాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ బీజ్ జన్యువు వస్తే బొచ్చు మీగడరంగులో ఉండి, కళ్లు మరింత ఎర్రగా కనిపిస్తాయి. వయొలెట్, సఫైర్ రంగులు అంతర్గత లక్షణాలు కనుక రెండు వైపులా ఆ జన్యువు ఉంటేనే బయటపడతాయి. పిల్లలు తీయించే ఆలోచన ఉన్నవారు వైట్‌ను వైట్‌తో గాని, బ్లాక్ వెల్వెట్‌ను బ్లాక్ వెల్వెట్‌తో గాని జతకట్టించకూడదు. జన్యువు రెండింతలుగా అందిన పిండాలు బతకవు.

ఇక మార్పుల విషయం. పిల్లలు బొచ్చుతోనే పుడతాయి, కానీ ఆ రంగు అంతిమం కాదు. లేత ఎబొనీ పిల్ల మొదట బూడిదరంగు పిల్లలాగే కనిపించి నెలలు గడిచేకొద్దీ ముదరవచ్చు. తెలుపు మీద ముదురు మచ్చలుండే మొజాయిక్ రకం పిల్లల మచ్చలు కూడా మారుతూ ఉంటాయి. బొచ్చు కొత్తగా వచ్చేటప్పుడు పక్కల మీద ఒక గీత ఏర్పడి, తల వైపు నుంచి తోక వైపు జరుగుతుంది. ఆ గీతకు ముందున్నది కొత్త బొచ్చు, వెనకున్నది రంగు వెలిసిన పాతది. బీజ్, వైట్ రకాల్లో పాత బొచ్చు గాలికీ వెలుతురుకూ పసుపు తిరగడం మామూలే. ఆ పసుపును పోగొట్టాలని నీటితో స్నానం చేయించకండి: అంత దట్టమైన బొచ్చు సరిగా ఆరదు, తడి నిలిచిన చోట శిలీంధ్రం పడుతుంది. వారానికి రెండు మూడు సార్లు సన్నని అగ్నిపర్వత ధూళితో స్నానం చాలు.

అసలు తికమక ముదురు మచ్చల దగ్గర వస్తుంది. భయపడినప్పుడో గట్టిగా పట్టుకున్నప్పుడో చించిల్లా ఒక కుచ్చు బొచ్చును విడిచిపెట్టి తప్పించుకుంటుంది. అక్కడ మళ్లీ మొలిచేటప్పుడు వెంట్రుక నల్లని కొస ముందుగా బయటికి వస్తుంది కనుక ఆ చోటు కొన్ని వారాలు ముదురుగా ఉంటుంది. తన బొచ్చును తానే, లేదా తోటి జంతువు కొరికినా ముదురు మచ్చే కనిపిస్తుంది, అయితే కారణం వేరు: కొస, తెలుపు పట్టీ తెగిపోయి కింది నీలిబూడిద మాత్రమే మిగులుతుంది. ఊది, వీలైతే భూతద్దంతో చూడండి. సన్నని నల్లకొసలుంటే అది కొత్త మొలక. మొండిగా తెగిన బూడిదరంగు చివరలుంటే కొరుకుడు. కొరుకుడు వెనుక ఒత్తిడి, జతతో పొసగకపోవడం, వంశలక్షణం, ఒక్కోసారి అనారోగ్యం ఉండవచ్చు.

ముక్కు, కళ్లు, పాదాల చుట్టూ బొచ్చు రాలి చర్మం పొట్టులేస్తే తామర (శిలీంధ్రం వల్ల వచ్చే చర్మవ్యాధి) అని అనుమానించాలి. అది మనుషులకూ అంటుతుంది కాబట్టి చేతికి గ్లౌజులు వేసుకుని విడిగా ఉంచి, పశువైద్యునికి చూపించండి. గడ్డం కింద, ముందుకాళ్ల మీద బొచ్చు తడిసి అట్టకట్టి ముదురుగా కనిపిస్తే అది చొంగ, పళ్లు పెరిగి ఇబ్బంది పెడుతున్నాయని అర్థం. చెవులు, పొట్ట చర్మం నారింజ కలిసిన పసుపులోకి మారితే దాన్ని ఆహారలోపంగా అనుమానిస్తారు. విటమిన్ ఇ, కోలిన్, మెథియోనిన్ అనే పోషకాలు తక్కువైతే మొక్కల్లోని రంగుపదార్థాలు చర్మంలో పేరుకుంటాయని భావిస్తారు. వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు మేత పొట్లం మీది వివరాలను కూడా తీసుకెళ్లండి.