ముక్కుకి చదువు – 3వ పాఠం: డబ్బాల వరుస

మృతదేహాలని వాసనతో వెతికే పనికి కుక్క పనికొస్తుందో లేదో చూడ్డానికి పోయిన పాఠంలో బంతి పరీక్ష పెట్టమన్నాను కదా. మోకాలెత్తు గడ్డిలోకి బంతి విసిరి, కుక్కని కాసేపు పట్టి ఉంచి, ఆ తర్వాత వదలడం. ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ బెంగళూరు మారతహళ్ళిలో స్థిరపడ్డ ఒకాయన ఫోన్ చేశారు. "మా లాబ్రడార్ రెండు నిమిషాలు వెతికి, వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుందండీ. పనికిరాదా?" పనికిరాదండీ. ఇంటికి బంగారంలాంటి కుక్కే, మృతదేహాలు వెతికే పనికి మాత్రం కాదు. వాసన గ్రాహకాలు మనకి 50, 60 లక్షలైతే కుక్కలకి 10 కోట్ల పైమాటే, కాబట్టి ముక్కు గురించి బెంగ అక్కర్లేదు. చూడాల్సింది మొండితనం. బంతి దొరక్కపోయినా, మీరు పిలిచినా ఆ గడ్డిని వదలని కుక్క కావాలి. మెట్రో రైలు మోతకీ, జారే టైల్స్‌కీ బెదరకూడదు. కర్ణాటక వేటకుక్క ముధోల్ సంగతి అడిగారు కొందరు. అది కంటితో చూసి వేటాడే జాతి. నన్నడిగితే ఈ పనికి లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ వైపే వెళ్తాను.

ఇక వాసన. అసలు సరుకు, అంటే మనిషి దేహ భాగాలు, మన చేతికి రాదు, రాకూడదు కూడా. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం మనిషి శరీర భాగాలు ఆసుపత్రి నుంచి పసుపు సంచిలో నేరుగా పారవేసే కేంద్రానికి వెళ్ళాలి. కుళ్ళిన మాంసంలో ఉండే ప్యూట్రెసిన్, కడావరిన్ అనే రసాయనాలని 1885 ప్రాంతంలోనే గుర్తించారు. ఆ రెండూ కొని నేర్పేయొచ్చుగా అంటారేమో. అవి చచ్చిన మేకలోనూ ఉంటాయి. మనిషి దేహం నుంచి వచ్చేది వందల రసాయనాల కలగలుపు, కుక్క నేర్చుకోవాల్సింది ఆ కలగలుపుని. అందుకే అమెరికా లాంటి చోట్ల హ్యాండ్లర్లు (కుక్కని నడిపించేవాళ్ళు) మనిషి రక్తం, పళ్ళు, కాన్పులో బయటికొచ్చే మావి (ప్లాసెంటా) వాడతారు. మనం లవంగ నూనెతో సరిపెట్టుకుందాం. పద్ధతి ఒకటే.

మూతకి చిల్లులు పెట్టిన ఒకేలాంటి రేకు డబ్బాలు ఆరు తీసుకోండి. కాఫీ పొడి పోసినవి వద్దు. అన్నిట్లోనూ దూది పెట్టి, ఒక్కదాంట్లో మాత్రం ఒక్క చుక్క నూనె వేయండి. ఖాళీ డబ్బాలు ముందు సర్దేసి, వాసన డబ్బా ఆఖరున పటకారుతో పెట్టండి. నూనె చేత్తో మిగతావి ముట్టుకున్నారంటే వరుసంతా పాడైనట్టే. కుక్క నూనె నాకకుండా మూతలు బిగువుగా ఉండాలి.

లీష్ వదులుగా పట్టుకుని వరుస పక్కన నడవండి. తోక కాదు, నోరు చూడండి. అప్పటిదాకా నాలుక వేలాడేస్తూ వచ్చిన కుక్క వాసన తగలగానే నోరు మూసేస్తుంది. ముందు తల తిరుగుతుంది. ఒళ్ళు ఇంకో అడుగు దాటిపోయి అప్పుడు వెనక్కి వస్తుంది. సెకనుకి ఐదారుసార్లు పీల్చే చప్పుడు మీకే వినబడుతుంది. ముక్కు డబ్బాకి ఆనిన ఆ క్షణంలోనే "శభాష్" అని బంతి డబ్బా పక్కన పడేయండి. బంతి మీ జేబులోంచి వచ్చిందని తెలిస్తే మీ జేబునే వెతుకుతుంది!

ఇది కుదిరాక, వాసన దొరికినచోట కూర్చుని చూపించడం నేర్పాలి. దొరికిందని గోళ్ళతో గీకనివ్వకండి, సాక్ష్యం చెడుతుంది. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు కేరళ పోలీసుల మాలినోయిస్ జాగిలాలు వచ్చాయి గుర్తుందా? అవి చోటు చూపించాయి, తవ్వింది మనుషులు. మార్చి 9న మొదటి మృతదేహం బయటపడింది.

అన్నిటికన్నా కష్టమైనది చివరి మెట్టు. ఒక డబ్బాలో కోడి ఎముక, ఇంకోదాంట్లో మీరు వాడిన చేతి తొడుగు పెట్టండి. వాటి దగ్గర కూర్చుంటే కోప్పడకండి, బంతి ఇవ్వకండి, ముందుకి నడవండి. తర్వాత నూనె డబ్బాని మీ ఇంట్లోవాళ్ళ చేత పెట్టించండి. అది ఎక్కడుందో మీకు తెలియకూడదు. తెలిసిన డబ్బా దగ్గర హ్యాండ్లర్ అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది, ఊపిరి బిగబడుతుంది. కుక్క లవంగాన్ని వదిలేసి మిమ్మల్ని చదవడం మొదలుపెడుతుంది. అప్పుడప్పుడు అసలేమీ లేని వరుస కూడా పెట్టండి. "ఇక్కడ లేదు" అని కూర్చోకుండా దాటిపోతే అదీ సరైన జవాబే, దాని తర్వాత సులువైన డబ్బా ఒకటి పెట్టి బంతి గెలుచుకోనివ్వండి.

సాధన పొద్దున్నే చేయండి. రొప్పే కుక్క సరిగా వాసన చూడలేదు. బెంగళూరులో ఎనిమిదింటిదాకా ఫర్వాలేదు గానీ, ఎండాకాలంలో చెన్నై వాళ్ళు తెల్లారకముందే లేవాలి. ఒక్కో పూటకి పది నిమిషాలు చాలు, కుక్క ఇంకా కావాలంటుండగానే డబ్బాలు ఎత్తేయండి.

వచ్చే పాఠం నేలలో పాతిన వాసన గురించి. ఇనుప ఊచ ఒకటి సిద్ధం చేసుకోండి, మట్టిలో చిల్లులు పొడవాలి.