పెరటి తంగేడు – 3వ పాఠం: నానబెట్టినా ఉబ్బని గింజ

ఈసారి కొమ్మల కత్తిరింపు చెప్పాల్సింది. దాన్ని వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చదివి గింజలు పెట్టినవాళ్లలో చాలామంది అడిగింది ఒకటే: "మూడు వారాలైంది, ఒక్కటీ మొలవలేదు. గింజలు పుచ్చిపోయాయా?"

పుచ్చలేదు. మట్టి తవ్వి ఒక గింజ తీసి చూడండి. పెట్టిన రోజు ఎంత ఉందో అంతే ఉంటుంది, నొక్కితే గోరు దిగదు. లోపలికి చుక్క నీరు పోలేదన్నమాట.

రాత్రి నానబెట్టి పొద్దున విత్తామంటున్నారు. పెసలకు అది చాలు, తంగేడుకు చాలదు. ఆ పెంకులోకి నీళ్లు దిగవు. బీడు భూముల్లో దాన్ని కాపాడేది ఆ పెంకే. తొలి వానకే గింజలన్నీ మొలిచి, తర్వాత వాన మొహం చాటేస్తే ఒక్కటీ మిగలదు. ఎండకు, రాపిడికి ఒక్కో పెంకు ఒక్కో సమయంలో బీటవారుతుంది కాబట్టి కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు లేస్తాయి. పెరట్లో ఆ బీట మనమే వేయాలి.

వడ్రంగి వాడే గరుకు కాగితం మీద గింజను రుద్దండి. ఎక్కడ రుద్దాలన్నదే అసలు సంగతి. గింజకు ఒక కొసన చిన్న మచ్చ ఉంటుంది, కాయకు అంటుకుని ఉన్న చోటు అది. వేరు వచ్చేది అటు నుంచే. ఆ కొసను ముట్టుకోవద్దు, ఎదుటి అంచునే రుద్దండి. పెంకు రంగు మారగానే ఆపండి. పప్పుదాకా అరిగితే మట్టిలో కుళ్లుతుంది. ఆ తర్వాత రాత్రంతా నానబెట్టండి. పొద్దునకు ఉబ్బినవే విత్తండి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి.

గింజలు వందల్లో ఉంటే, మరిగిన నీళ్లు పొయ్యి మీద నుంచి దించి, అందులో వేసి చల్లారేదాకా వదిలేయొచ్చు. పది ఇరవై గింజలకైతే నా ఓటు గరుకు కాగితానికే. ఏ గింజ ఏమైందో కళ్లారా కనిపిస్తుంది.

మొలిచాక వాలిపోయాయన్నవాళ్లు రోజూ నీళ్లు పోస్తున్నారు. మానండి. పైమట్టి ఆరాకే పోయాలి. తల్లివేరు సూటిగా దిగుతుంది కాబట్టి టీ కప్పులు వద్దు, పొడవాటి సంచి కావాలి. నేరుగా నేలలో విత్తితే ఇంకా మంచిది. ఈ ఏడు బతుకమ్మకే పూలు కోయాలని మాత్రం ఆశ పెట్టుకోకండి.

అభ్యాసం: 20 గింజలు తీసుకుని నాలుగు వాటాలు చేయండి. ఒక వాటా ఊరికే ఉంచండి, ఒకటి చన్నీళ్లలో నానబెట్టండి, ఒకటి వేడినీళ్లలో వేయండి, ఒకటి రుద్ది నానబెట్టండి. విడివిడిగా తడిగుడ్డల్లో చుట్టి, గుడ్డ ఆరకుండా చూస్తూ, పదిహేను రోజులు రోజూ పొద్దున ఎన్ని ఉబ్బాయో, ఎన్ని మొలకెత్తాయో రాయండి. ఒక్క రోజు కూడా మానొద్దు. ఆ కాగితం దగ్గర పెట్టుకునే నాలుగో పాఠం మొదలుపెట్టండి.