ఇంటి యాంటెన్నాతో టీవీ రికార్డింగు – 3వ పాఠం: ఏటీఎస్‌సీ 3.0 ట్యూనర్ అమరిక

గత రెండు పాఠాలలో ఇంటికి తగిన యాంటెన్నాను ఎంచుకోవడం, దానిని బిగించి ఆర్‌జీ-6 కేబుల్‌ను ఇంటిలోపలికి తేవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఆ కేబుల్ చివర కొత్త తరం ట్యూనర్‌ను, అంటే యాంటెన్నా సంకేతం నుంచి చానళ్లను పట్టి ఇచ్చే పెట్టెను తగిలించి, చానళ్లను వెతికించి, మొదటి రికార్డింగు తీద్దాం. ఏటీఎస్‌సీ 3.0 అంటే యాంటెన్నాకు గాలిలో అందే డిజిటల్ టీవీ ప్రసారాల కొత్త ప్రమాణం. ఇది ప్రస్తుతం అమెరికాలోనూ దక్షిణ కొరియాలోనూ ఇళ్లకు చేరుతోంది. భారతదేశంలో దూరదర్శన్ డిజిటల్ భూతల ప్రసారాలు డీవీబీ-టీ2 అనే వేరే పద్ధతిలో సాగేవి కాబట్టి ఈ పెట్టెలు అక్కడ పనిచేయవు. కనుక ఈ పాఠమంతా అమెరికాలో ఉంటున్న తెలుగువారిని దృష్టిలో ఉంచుకొని రాస్తున్నాను.

ముందు ఒక మాట. తెలుగు చానళ్ల కోసమో క్రికెట్ కోసమో ఈ పని మొదలుపెట్టినవారికి నిరాశ తప్పదు, ఎందుకంటే అమెరికాలో యాంటెన్నాకు అందేవి ముఖ్యంగా ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ వంటి చానళ్లు. స్థానిక వార్తలు, పిల్లల కార్యక్రమాలు, ఆదివారపు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలు నెలనెలా బిల్లు లేకుండా దాచుకోవాలనుకునేవారికి మాత్రం ఇది అక్కరకు వచ్చే విద్య.

పాత ప్రమాణానికీ కొత్తదానికీ తేడా

రెండూ 6 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్‌లోనే ప్రసారమవుతాయి. పాత ఏటీఎస్‌సీ 1.0 ఆ వెడల్పులో సెకనుకు 19.39 మెగాబిట్లను మాత్రమే పంపగలదు, చిత్రాన్ని ఎంపెగ్-2 పద్ధతిలోనూ శబ్దాన్ని ఏసీ-3 పద్ధతిలోనూ కుదిస్తుంది. ఏటీఎస్‌సీ 3.0 చిత్రానికి ఇంకా ఎక్కువగా కుదించే హెచ్‌ఈవీసీ పద్ధతిని, అమెరికాలో శబ్దానికి ఏసీ-4 పద్ధతిని వాడుతుంది, సమాచారమంతటినీ ఇంటర్నెట్ ప్యాకెట్ల రూపంలో పంపుతుంది. రికార్డు చేసుకునేవారికి దీనివల్ల కలిగే లాభం, ఫైళ్లు చిన్నవి కావడం. చిక్కు ఏమిటంటే, ఏసీ-4ను విప్పగల ప్లేయర్లు ఇంకా తక్కువ. చాలా ఉచిత ప్లేయర్లలో బొమ్మ చక్కగా కనిపిస్తుంది కానీ శబ్దం రాదు, చూసేవారు ట్యూనర్ చెడిపోయిందనుకొని దుకాణానికి తిప్పి పంపుతారు.

కొనే ముందు తాళాల సంగతి

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే కనుక కొంత వివరంగా చెబుతాను. 2017 నవంబరులో అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఏటీఎస్‌సీ 3.0ను ఐచ్ఛికంగా అనుమతించింది. ప్రసార సంస్థలు కలిసి ఏర్పరచుకున్న ఏ3ఎస్ఏ అనే భద్రతా వ్యవస్థ ద్వారా అనేక కేంద్రాలు తమ 3.0 ప్రసారాలకు ఎన్‌క్రిప్షన్ తాళం వేస్తున్నాయి. సంకేతం యాంటెన్నాకు ఎంత బలంగా అందినా, ఆ వ్యవస్థ ధ్రువీకరణ పొందని పెట్టె దానిని విప్పలేదు. ధ్రువీకరణ ఉన్న పెట్టెలు రికార్డు చేసినా, ఆ రికార్డింగు సాధారణంగా ఆ పెట్టెకే కట్టుబడి ఉంటుంది. దానిని తీసి ఇంట్లోని మరో కంప్యూటర్‌లో చూసుకోవడం కుదరదు.

ఇంట్లో తరువాత చూసుకోవడానికి కార్యక్రమాన్ని రికార్డు చేసుకోవడం న్యాయమైన వినియోగమేనని అమెరికా సుప్రీంకోర్టు 1984లో సోనీ బీటామాక్స్ కేసులో తీర్పు చెప్పింది. అయితే 1998లో వచ్చిన డిజిటల్ కాపీరైటు చట్టం, తాళాన్ని ఛేదించడాన్నే వేరుగా నిషేధించింది. కనుక తాళం తీసే దొంగదారులు ఈ పాఠాలలో ఉండవు. నా దృష్టిలో ఉచితంగా గాలిలోకి వదిలే ప్రసారానికి తాళం వేయడం ప్రేక్షకుడికి అన్యాయమే, కానీ కొనుగోలు నిర్ణయం ఉన్న పరిస్థితిని బట్టి తీసుకోవాలి, ఉండవలసిన పరిస్థితిని బట్టి కాదు.

అందువల్ల డబ్బు ఖర్చుపెట్టే ముందు రాబిట్‌ఇయర్స్ అనే వెబ్‌సైట్‌లో మీ ఊరి కేంద్రాల జాబితా తెరిచి, ఏ కేంద్రం 3.0లో ప్రసారం చేస్తోందో, వాటిలో వేటికి తాళం ఉందో రాసుకోండి. మీరు చూసే చానళ్లన్నిటికీ తాళం ఉంటే, 3.0 పెట్టెకు అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు, పాత ప్రమాణపు ట్యూనర్లు నాలుగున్న పెట్టె చాలు. ఇప్పటికి ముఖ్య చానళ్లు పాత ప్రమాణంలోనూ అందుతున్నాయి. అయితే అది శాశ్వతమని అనుకోవద్దు: పెద్దవైన 55 ప్రాంతాలలో 2028 ఫిబ్రవరికి, మిగిలినచోట్ల 2030 ఫిబ్రవరికి పాత ప్రసారాలను ఆపివేయాలని ప్రసారకర్తల సంఘం ఎన్‌ఏబీ 2025లో ఎఫ్‌సీసీని కోరింది.

కేబుల్, నెట్‌వర్క్

ఉదాహరణకు సిలికాన్‌డస్ట్ తయారుచేసే హెచ్‌డీహోమ్‌రన్ ఫ్లెక్స్ 4కేను తీసుకుందాం. దీనిలో నాలుగు ట్యూనర్లున్నాయి. నాలుగూ పాత ప్రసారాలను అందుకుంటాయి, వాటిలో రెండు మాత్రమే 3.0ను కూడా అందుకుంటాయి. ఇది టీవీకి తగిలించేది కాదు, ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించేది. యాంటెన్నా కేబుల్‌ను వెనుకనున్న మరకు చేతితో బిగించి, ఈథర్‌నెట్ తీగను రూటర్‌కు కలపండి. సంకేతాన్ని నలుగురికి పంచే పని పెట్టె లోపలే జరుగుతుంది కనుక బయట స్ప్లిటర్ అవసరం లేదు. పాత స్ప్లిటర్ ఏదైనా దారిలో ఉంటే తీసివేయండి, రెండుగా చీల్చే మామూలు స్ప్లిటర్ కూడా సుమారు మూడున్నర డెసిబెళ్ల సంకేతాన్ని తినేస్తుంది.

రూటర్ సెట్టింగులలో ఈ పెట్టెకు ఒక స్థిరమైన చిరునామా కేటాయించండి. అలా చేయకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు చిరునామా మారి, రాత్రి వేళ రికార్డు కావలసిన కార్యక్రమం కాకుండా పోయే ప్రమాదం ఉంది. రికార్డింగు సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్ కూడా తీగతోనే కలిసి ఉండాలి. చూసే టీవీకి వైఫై సరిపోవచ్చు కానీ, రాసే యంత్రానికి వైఫై వద్దు. తరువాత బ్రౌజరులో పెట్టె పేజీ తెరిచి, మొదట ఫర్మ్‌వేర్‌ను (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్‌ను) నవీకరించి, ఆపైనే చానళ్లు వెతికించండి.

వెతుకులాట, అంకెలు చదవడం

వెతుకులాట ముగిశాక జాబితాలో ఒకే చానల్ రెండుసార్లు కనిపించవచ్చు. ఈ పెట్టె 3.0 ప్రసారాలకు నూరు కలిపి చూపుతుంది, కాబట్టి 5.1 పాత ప్రసారం, 105.1 కొత్తది. తాళమున్న చానల్ జాబితాలో ఉన్నా బొమ్మ రాదు. అది మీ యాంటెన్నా లోపం కాదు.

ఒక్కొక్క చానల్‌ను పెట్టి, ట్యూనర్ స్థితి పేజీలో మూడు శాతాలను చూడండి: సంకేత బలం, సంకేత నాణ్యత, సింబల్ నాణ్యత (సమాచారం తప్పులు లేకుండా అందుతోందా అన్నది). వీటిలో మూడవది ఎప్పుడూ 100 ఉండాలి. అది ఒక్క క్షణం 90కి జారినా, అప్పుడే మీ రికార్డింగులో బొమ్మ గళ్లుగా చెదురుతుంది. బలం తక్కువగా ఉందని వెంటనే ఆంప్లిఫయర్ కొనవద్దు. బలం 100కు చేరి నాణ్యత మాత్రం తక్కువగా ఉంటే, ట్యూనర్‌కు సంకేతం మితిమీరి అందుతోందని అనుమానించి, ఉన్న ఆంప్లిఫయర్‌నే తీసి చూడాలి.

డాలస్ పరిసరాలలో, ముఖ్యంగా ఫ్రిస్కో, ప్లేనోలలో తెలుగు కుటుంబాలు ఎక్కువ కనుక అక్కడి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ప్రాంతపు ప్రధాన ప్రసార స్తంభాలు నగరానికి నైరుతిన సీడర్ హిల్‌లో ఉన్నాయి, అందువల్ల ఉత్తరాన ఉన్న ఇళ్ల యాంటెన్నా దక్షిణ నైరుతి దిక్కుకు చూడాలి. మిగిలిన పెద్ద కేంద్రాలు యూహెచ్‌ఎఫ్ అనే ఎగువ పౌనఃపున్యాల పట్టీలో ఉండగా, ఏబీసీ కార్యక్రమాలిచ్చే డబ్ల్యూఎఫ్‌ఏఏ కేంద్రం దిగువ పట్టీ అయిన వీహెచ్‌ఎఫ్‌లో 8వ చానల్‌లో ఉంది. కిటికీకి అతికించే పలుచని యాంటెన్నాలు వీహెచ్‌ఎఫ్‌ను సరిగా పట్టవు. అన్నీ వచ్చి అదొక్కటే రాకపోతే తప్పు ట్యూనర్‌లో వెతకవద్దు. కప్పు మీద యాంటెన్నా పెడితే ఇంటి యజమానుల సంఘం అభ్యంతరం చెబుతుందని సంకోచించేవారు, సొంత ఇంటిపై టీవీ యాంటెన్నాను అడ్డుకోరాదన్న ఎఫ్‌సీసీ ఓటార్డ్ నిబంధనను వారికి చూపవచ్చు.

డిస్క్, మొదటి రికార్డింగు

స్థలం లెక్క తేలిక: సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంట రాస్తే 0.45 గిగాబైట్లు అవుతుంది. సెకనుకు 12 మెగాబిట్ల పాత ప్రసారానికి గంటకు 5.4 గిగాబైట్లు, 4 మెగాబిట్ల హెచ్‌ఈవీసీకి 1.8 గిగాబైట్లు కావాలి. మామూలు ఇంటికి 2 టెరాబైట్ల డిస్క్ ఎక్కువే.

సాఫ్ట్‌వేర్ విషయంలో ప్లెక్స్, జెల్లీఫిన్, చానల్స్ డీవీఆర్ వంటివి ఉన్నాయి, తయారీదారు సొంత రికార్డింగు సేవ కూడా ఉంది. వీటిని పోల్చి చూడడం తరువాతి పాఠం పని. ప్రస్తుతానికి ఏదో ఒకటి స్థాపించి, దానికి పెట్టె చిరునామా ఇచ్చి, మీ పిన్‌కోడ్‌కు బదులుగా అక్కడ వాడే జిప్ కోడ్‌తో కార్యక్రమాల పట్టిక తెప్పించుకోండి. పట్టికలోని చానళ్లను పెట్టె చూపిన సంఖ్యలతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. 105.1కి 5.1 పట్టికనే జతచేయవలసి రావచ్చు.

రికార్డింగు సమయానికి ముందు ఒక నిమిషం, తరువాత మూడు నిమిషాలు అదనంగా పెట్టండి. ఫుట్‌బాల్ ఆటకైతే చివర గంట అదనంగా ఉండాలి, ఆట ఎప్పుడూ పట్టికలో చెప్పిన వేళకు ముగియదు.

అభ్యాసంగా, తాళం లేని ఒక 3.0 చానల్‌ను, అదే కేంద్రపు పాత చానల్‌ను ఒకే అరగంట పాటు రికార్డు చేయండి. రెండు ఫైళ్ల పరిమాణాలు రాసుకొని, ఇంట్లో మీరు వాడే ప్రతి టీవీలోనూ, ఫోనులోనూ రెండింటినీ నడిపించి, శబ్దం ఎక్కడ వచ్చిందో, ఎక్కడ రాలేదో గుర్తించండి. 4వ పాఠంలో సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు ఆ చిట్టా దగ్గర పెట్టుకోవాలి.