గోల్ఫ్ పాఠాలు – 5: మూడు మెటికల చిక్కు, ఆ తర్వాతే మణికట్టు

నాలుగో పాఠం చదివి రాసిన వాళ్లలో ఎక్కువమందిది ఒకటే గోడు: "మీరు చెప్పినట్టే ఎడమచేతి మెటికలు మూడు కనిపించేలా పట్టుకున్నాం, అయినా బంతి కుడివైపుకే పోతోంది." కొద్దిమందికి ఇది తిరగబడింది. బంతి నేలబారుగా ఎడమవైపు వంకర తిరిగిపోతోంది. ఈ పాఠం నిండా మణికట్టు గురించే రాయాలనుకున్నాను. పట్టు ఇలా ఉండగా మణికట్టు గురించి ఎంత చెప్పినా ఇసుకలో పోసిన నీళ్లే. ముందు దీని సంగతి చూద్దాం. ఎడమచేతి వాటం వాళ్లు ఎప్పటిలాగే కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

కుడివైపు పోతోందన్న వాళ్లు పంపిన ఫోటోలన్నీ వరసగా పెట్టి చూశాను. అందరిదీ ఒకటే పొరపాటు. ముందు క్లబ్‌ని (బంతిని కొట్టే కర్రని) అలవాటైన తీరులో పట్టుకున్నారు. కిందికి చూస్తే మెటికలు రెండే కనబడ్డాయి. మూడోది కనబడాలని చేతిని కుడివైపు తిప్పారు. క్లబ్ అప్పటికే గుప్పిట్లో ఉంది కాబట్టి చేతితో పాటు అదీ తిరిగింది, దాని ముఖం, అంటే బంతికి తగిలే చదునైన వైపు, కుడివైపు తెరుచుకుంది. కొందరు అది గమనించి, ముఖాన్ని మళ్లీ గురివైపు తిప్పారు. దాంతో చెయ్యి కూడా వెనక్కి వచ్చేసింది, మళ్లీ రెండు మెటికలే. మొదటి రకం వాళ్ల పట్టు చూడ్డానికి బాగుంది, క్లబ్ ముఖం బాగాలేదు. రెండో రకం వాళ్లకి ముఖం బాగుంది, పట్టు మాత్రం పాతదే.

గుప్పిట మూసిన తర్వాత చేతిని తిప్పడం అంటే పట్టు మార్చుకోవడం కాదు. ఇది ఎన్నిసార్లయినా చెబుతాను, ఎందుకంటే ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లు కూడా ప్రతి షాట్ ముందూ ఇదే చేస్తుంటే చూస్తున్నాను. పట్టు మారాలంటే చెయ్యి పూర్తిగా వదిలెయ్యాలి. వేళ్లు తెరవాలి. క్లబ్ కదలకుండా ఉండగా, చెయ్యి ఒక్కటే దాని చుట్టూ కొత్త చోటికి రావాలి.

ఇంట్లో టైల్స్ గచ్చు ఉంటే చాలు, మైదానం అక్కర్లేదు. 7 నంబర్ ఐరన్ (లోహపు తల ఉన్న మధ్యరకం క్లబ్) తీసుకుని, ముఖం కింది అంచుని టైల్స్ మధ్య అతుకు గీత మీద సరిగ్గా ఆనించండి. ఆ గీతకి అడ్డంగా మీ ఎడమవైపు వెళ్లే గీతే మీ గురి. కుడిచేతి రెండు వేళ్లతో, గ్రిప్ రబ్బరు కిందగా, కడ్డీని మాత్రమే పట్టుకోండి. ఎడమచెయ్యిని పక్కన వదులుగా వేలాడనివ్వండి. భుజం బిగించొద్దు. ఇప్పుడు ఆ చేతిని చూడండి. ఎవరి చెయ్యీ అరచెయ్యి వెనక్కి పెట్టిగానీ, ముందుకి పెట్టిగానీ వేలాడదు. కొద్దిగా లోపలికి తిరిగి ఉంటుంది, ఎంత తిరిగిందన్నది మనిషిని బట్టి మారుతుంది. అలా ఉన్న చేతిని ఏమాత్రం తిప్పకుండా క్లబ్ దగ్గరికి తెచ్చి వేళ్లు మూయండి. మెటికలు లెక్కపెట్టాల్సింది అప్పుడు. ఎక్కువమందికి రెండున్నర, మూడు కనబడతాయి. మీకు రెండే కనబడితే మీ చేతికి రెండే సరైన లెక్క. ఎడమవైపు వంకర పోతోందని రాసినవాళ్లలో చాలామంది చేతులు ఇలాంటివే. మూడో మెటికని బలవంతంగా తెచ్చిపెట్టుకున్నారు.

తర్వాత చిన్న పరీక్ష. పట్టుకున్న క్లబ్‌ని అలాగే పొట్టకి ఎదురుగా, కడ్డీ నేలకి సమాంతరంగా వచ్చేదాకా ఎత్తండి. ముఖం కింది అంచు గడియారంలో 12 గంటల ముల్లులా నిట్టనిలువుగా ఉండాలి. 1 వైపు వాలితే ముఖం తెరుచుకుంది, 11 వైపు వాలితే మూసుకుంది. వాలిందంటే చేతుల్ని తిప్పి సర్దకండి. వదిలేసి, మొదటినుంచీ పట్టుకోండి.

ఇంత పట్టుదల దేనికంటే, బంతి ఏ దిక్కుగా బయల్దేరాలన్నది ప్రధానంగా ముఖమే తేలుస్తుంది. స్వింగ్ (క్లబ్ ఊపు) సాగిన దారిదే పెత్తనమని పాత పుస్తకాలు చెప్పేవి. రాడార్ పరికరాలతో కొలిచాక తేలిందేమిటంటే ఐరన్లతో దాదాపు ముప్పావు వంతు, డ్రైవర్‌తో (దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో) ఇంకా ఎక్కువ ముఖానిదే. స్వింగ్ దారి తిన్నగా ఉండి ముఖం 5 డిగ్రీలు తెరుచుకుంటే, 150 గజాల దగ్గర బయల్దేరిన దిక్కు వల్లే సుమారు 10 గజాలు కుడికి పోతుంది. గాలిలో వచ్చే వంపు దానికి అదనం.

కుడిచేతి చిటికెన వేలుని ఎడమచేతి చూపుడువేలి మీద వెయ్యాలా, దానితో ముడివెయ్యాలా అని అడిగినవాళ్లకి: మీ ఇష్టం. పైన వేసే పట్టుతో హ్యారీ వార్డన్ ఓపెన్ ఛాంపియన్‌షిప్ 6 సార్లు గెలిచాడు. ముడివేసే పట్టుతో జాక్ నిక్లాస్ 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద నాలుగు పోటీల టైటిళ్లు), టైగర్ వుడ్స్ 15 గెలిచారు. చేతులు చిన్నవైతే ముడివేసేది నాకు నచ్చుతుంది.

ఒకరు తమ గ్లవ్ ఫోటో పంపారు. ఎడమ అరచేతిలో, చిటికెన వేలికి దిగువన, మణికట్టుకి ఆనుకుని ఉండే మెత్తటి కండ దగ్గర తోలు అరిగి రూపాయి బిళ్లంత చిల్లు పడింది. మిగతా గ్లవ్ కొత్తదిలాగే ఉంది. చాలావరకు క్లబ్ వేళ్లలో కాక అరచేతిలో అడ్డంగా పడి, ప్రతి దెబ్బకీ జారుతుంటేనే అక్కడ అలా అరుగుతుంది. గ్రిప్ చూపుడువేలి మధ్య కణుపు నుంచి మొదలై ఆ కండ అంచు కిందుగా పోవాలి. కండ గ్రిప్ పైన కూర్చోవాలి. నేనైతే కొత్త గ్లవ్ మీద ఆ దారిలో బాల్‌పెన్‌తో గీత గీసుకుంటాను. విశాఖ ఉక్కపోతలో ఆడేవాళ్లు సంచిలో రెండు గ్లవ్‌లు పెట్టుకుని మారుస్తూ ఉండండి. తడిసిన గ్లవ్ జారుతుంది, జారుతుందని బిగిస్తారు, బిగిస్తే మణికట్టు కొయ్యబారుతుంది.

ఇక మణికట్టు. ఎడమ మణికట్టు రెండు తీరుల్లో వంగుతుంది. మొదటిది బొటనవేలి వైపు, గోడకి మేకు కొట్టబోతూ సుత్తి ఎత్తినట్టు. రెండోది అరచేతి వైపుకీ, చేతి వెనక వైపుకీ. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ని వెనక్కి ఎత్తేటప్పుడు, ఎడమ మణికట్టు ప్రధానంగా మొదటి తీరులో మడవాలి, కుడి మణికట్టు మాత్రం వెనక్కి వంగాలి. బొటనవేలి వైపు మణికట్టు మహా అయితే 20, 25 డిగ్రీలు వంగుతుంది. క్లబ్ అరచేతిలో పడిందంటే ఆ కాస్తా పోతుంది, అందుకే అలాంటి పట్టుతో ఎంత గట్టిగా కొట్టినా దూరం రాదు. వేళ్లలో ఉంటే మీరు ప్రత్యేకంగా మడవక్కర్లేదు. ఎడమచెయ్యి నేలకి సమాంతరంగా వచ్చేసరికి క్లబ్ బరువుకే మడత పడుతుంది.

బ్యాక్‌స్వింగ్ పైన ఆగినప్పుడు ఎడమ మణికట్టు ఎలా కనబడాలన్నది పట్టుని బట్టి ఉంటుంది. మూడు మెటికల పట్టుతో చేతి వెనక కొద్దిగా గుంట కనబడటం సహజం. అమెరికా ఆటగాడు డస్టిన్ జాన్సన్ 2016లో యూఎస్ ఓపెన్ గెలిచిన స్వింగ్‌లో మణికట్టు అరచేతి వైపు బాగా వంగి ఉంటుంది. అది చూసి అలాగే వంచితే మూడు మెటికల పట్టుతో ముఖం పూర్తిగా మూసుకుపోతుంది. అలాగే పాతతరం అమెరికా ఆటగాడు బెన్ హోగన్ పట్టునీ కళ్లు మూసుకుని తెచ్చిపెట్టుకోకండి. ఆయన్ని ఏళ్ల తరబడి వేధించింది ఎడమకి తిరిగే హుక్. దాన్ని వదిలించుకోవడానికే ఎడమచెయ్యిని ఎడమవైపుకి జరిపాడు, 1953లో ఒకే ఏడాది మూడు మేజర్లు గెలిచాడు. బంతి కుడికి పోయేవాళ్లు ఆ మందు వేసుకుంటే జబ్బు ముదురుతుంది.

బంతిని తాకే చోట క్రికెట్ నుంచి వచ్చినవాళ్లకి ఒక మాట. అజహరుద్దీన్, లక్ష్మణ్‌ల మణికట్టు చూసి పెరిగినవాళ్లం, ఆ ఒడుపు మీద నాకు ఎంతో ప్రేమ. అక్కడ కదిలే బంతిని ఆఖరి క్షణం దాకా చూసి బ్యాట్‌ని తిప్పుతారు. గోల్ఫ్‌లో క్లబ్ బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. అంతలో మణికట్టు సరిదిద్దగలిగింది ఏమీ లేదు. ముఖం తెరుచుకుని వస్తోందని ఒళ్లు పసిగట్టి, చివర్లో కుడి మణికట్టుతో విదిలిస్తుంది. బంతి లేవదేమోనన్న భయమూ ఆ విదిలింపుకే దారితీస్తుంది. 7 ఐరన్ ముఖానికి సుమారు 30 డిగ్రీల వాలు ఉంది, బంతిని లేపే పని దానిది. తాకేటప్పుడు చేతులు బంతికన్నా కొంచెం గురివైపు ముందుండాలి, ఎడమ మణికట్టు చదునుగా ఉండాలి. కుడి మణికట్టు వెనక్కి వంగినది ఇంకా పూర్తిగా విప్పుకోకూడదు.

అభ్యాసం. మొదటి వారం బంతి ముట్టుకోకండి. రోజుకి 50 సార్లు టైల్స్ మీద పట్టు పట్టండి, ప్రతిసారీ రెండు చేతులూ పూర్తిగా వదిలి మళ్లీ మొదలుపెట్టండి. చివరి 10 కళ్లు మూసుకుని పట్టి, తెరిచాక 12 గంటల పరీక్ష చెయ్యండి. రెండో వారం రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే మైదానానికి) వెళ్లి, బంతికి రెండు గజాల ముందు ఒక గజం ఎడంగా రెండు టీలు (బంతిని నిలబెట్టే చిన్న మేకులు) గుచ్చండి. చేతులు నడుము దాకా మాత్రమే వెళ్లే చిన్న స్వింగ్‌తో, 7 ఐరన్‌తో, బంతి ఆ టీల మధ్యనుంచి పోవాలి. స్వింగ్ ముగిసి ఆగినప్పుడు ఎడమ మణికట్టు వెనక్కి వంగిపోకుండా ఉండాలి. వరసగా 20 అలా వచ్చేదాకా ఆపొద్దు. 19వ దాంట్లో తప్పినా లెక్క సున్నా నుంచే. ఫుల్ స్వింగ్ ఆరో పాఠంలో ఉంది, ఆ 20 పూర్తికాకుండా అది చదవకండి.